పొంగిపోయిన పాలు

అమ్మాయీ,

నీ నవల 41వ పేజీ దగ్గర ఆపి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అమ్మమ్మ కుంపటి మీద పాలు పెట్టి, రావలసిన మనిషి కోసం వీధి గుమ్మం వైపు చూస్తోంది. నేనూ చూస్తున్నాను. అంతలో "@@@ ఇక్కడ ఊరి పేరు సరిచూడాలి" అని నీ గొంతు! పాలు పొంగిపోయాయి. ఇలాంటివి మొత్తం 17 లెక్కపెట్టాను. అమ్మమ్మ బాగుంది, ఆ సంగతి మరోసారి.

కంప్యూటర్లో రాసుకునే విమ్ అనే ప్రోగ్రాములో రాస్తానని గొప్పగా చెప్పుకున్నావు. అందులో గుర్తులు పెట్టుకోవచ్చని తెలియదా? ఎం నొక్కి, ఎ నొక్కు. కర్సర్ ఉన్న చోటు ఆ అక్షరం పేరిట గుర్తుంటుంది, నీ రాతలో ఏమీ చేరదు. తర్వాత ఒంటి కోట్, ఎ నొక్కితే ఆ వరుస మొదటికి చేరతావు. ఒకటి అంకెకు ఎడమ పక్కనున్న వాలుగీత (`), ఎ నొక్కితే సరిగ్గా ఆ అక్షరం దగ్గరికే. నీలా పేరా మొత్తం ఒకే వరుసగా కొట్టేవాళ్లకు ఈ రెండోదే దారి. చూసుకున్నాక వాలుగీత రెండుసార్లు నొక్కితే బయలుదేరిన చోటికి తిరిగొస్తావు. ముందు కీబోర్డును తెలుగు నుంచి ఇంగ్లీషుకు మార్చు. నేను రోజుకు నాలుగుసార్లు మరచిపోతాను.

చిన్న అక్షరాలు ఆ ఫైలు వరకే. పెద్ద అక్షరమైతే ఫైళ్లు దాటి తీసుకెళ్తుంది. నా పాత్రల పేర్ల జాబితా మీద ఎప్పుడూ పెద్ద పి ఉంటుంది. ఎందుకో చెబుతాను.

పెన్నుతో రాసే రోజుల్లో ఒక వారపత్రికకు సీరియల్ రాశాను. ఒక వాక్యం మధ్య "పిన్ని పేరు కమలా, విమలా? చూసుకో" అని నాకు నేనే రాసుకున్నాను. అది అలాగే అచ్చయింది. అంతకుముందు వారమే ఆ సంపాదకుడు చేపల పులుసు గురించిన ఆరు వరుసలు "పాఠకులకు రుచించవు" అని కోసేశాడు. పులుసు కనబడిన కళ్లకు పిన్ని కనబడలేదు! పైగా అది కొత్త శిల్పమని మెచ్చుకుంటూ ఇద్దరు పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ చింపలేదు.

తాటాకు మీద అక్షరం జారిపోతే లేఖకుడు హంసపాదం గీసి పైన రాసేవాడు. ఆకు మీద వేరే దారి లేదు గనుక గుర్తు రాతలోనే ఉండిపోయింది. నీకా ఇబ్బంది లేదు. విమ్ చేసిన బ్రామ్ మూలెనార్‌కు మన తాటాకుల సంగతి తెలిసి ఉండదు గాని, వాలుగీత తర్వాత ఆ హంసపాదమే (^) నొక్కి చూడు, చివరిసారి రాయడం ఆపిన చోట నిలబెడుతుంది. పొద్దున్నే నా మొదటి పని అదే.

గుర్తు పెట్టిన వరుసను కొట్టేస్తే గుర్తూ పోతుంది. పోనీ, వరుసే లేనప్పుడు దాని మీద సందేహం ఎందుకు? ఒక ఫైలుకు 26 చిన్న అక్షరాలున్నాయి. ఒకే అధ్యాయంలో 27వ సందేహం వచ్చిందంటే అది రాయడానికి నువ్వింకా సిద్ధంగా లేవు.

ప్రచురణకర్తను ఎంత అడగాలి, పేరు మార్చాలా అని కూడా అడిగావు. ముందు ఆ 17 తీసెయ్. పాలు మళ్లీ కుంపటి మీద పెట్టించి పంపు. ఆ వచ్చే మనిషెవరో నాకింకా తెలియలేదు.