గడ్డి మందు కొట్టిన చేతులకు వణుకు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా నాన్న నల్గొండ జిల్లాలో పదిహేనేళ్లు పత్తి చేలల్లో కూలికి పారాక్వాట్ గడ్డి మందు కొట్టారు. కిందటేడు పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని తేలింది. అమెరికా కేసులో పేరు చేర్పిస్తానని, ముందు ఇరవై వేలు కట్టమని ఒకాయన ఫోన్ చేస్తున్నాడు. కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: కట్టకండమ్మా. ఆ దావాలు పారాక్వాట్ కంపెనీల మీద అమెరికాలో మందు వాడి జబ్బు పడినవాళ్లు వేసినవి. 2025 ఏప్రిల్‌లో అక్కడ రాజీ కుదిరిందన్న మాట నిజమే. కానీ అంతకు ఏడాది ముందు, ఇల్లినాయిస్ ఫెడరల్ కోర్టు బాధితుల నిపుణుడి సాక్ష్యం చెల్లదని 4 కేసులు కొట్టేసింది. మందుకూ జబ్బుకూ లంకె చూపడమే అసలు చిక్కు.

ఇక్కడ పని చేయించుకున్న చేను ఆసామిని పరిహారం అడగడం కష్టం. ఫ్రాన్స్ 2012లోనే ఈ జబ్బును వ్యవసాయ వృత్తి వ్యాధిగా గుర్తించింది, మన దేశపు వృత్తి వ్యాధుల జాబితాలో అది లేదు. ఇది అన్యాయమే. మిగిలిన దారి 2019 వినియోగదారుల చట్టం: హెచ్చరికలు, జాగ్రత్తలు సరిగా చెప్పలేదని తయారీదారు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. ‘మందు కొన్నది మీరు కాదు’ అని అడ్డుపడతారు. కొన్నవారి అనుమతితో వాడినవారూ వినియోగదారులేనని చట్టంలోనే ఉంది, దాన్ని పట్టుకోండి. గడువు 2 ఏళ్లు. జబ్బు తేలిన రోజు నుంచే లెక్కేసుకోండి, సగం అయిపోయినట్టే.

ముందు నాన్నగారిని కూర్చోబెట్టి ఏ ఊరు, ఎవరి చేను, ఏ మందు, ఏడాదికి ఎన్ని రోజులు, పంపు కారి వీపు తడిసేదా, చేతికి తొడుగులు ఉండేవా అని ఏడాదివారీగా రాయించండి. ఆసాముల చేత, తోటి కూలీల చేత అఫిడవిట్లు తీసుకోండి. దుకాణం బిల్లులు, పాత డబ్బా లేబుల్ దొరికితే మరీ మంచిది. ఓపీ చీటీలో మందు కొట్టిన చరిత్ర రాయమని న్యూరాలజిస్టును అడగండి. కళ్లు తిరగడానికి సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడారేమో కూడా చెప్పండి, వాటితోనూ వణుకు రావచ్చు, అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే. రక్తంలో పారాక్వాట్ పరీక్షకు డబ్బు తగలేయకండి. అది కొద్దిరోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం పార్కిన్సన్స్ వైకల్యమే. వైకల్య సర్టిఫికెట్ వస్తే ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.