ప్రమాద బాధితులను చూడడం హౌస్ సర్జన్లకు ఎలా నేర్పాలి?

ప్రమాద గాయాలకు తక్షణ వైద్యం నేర్పే ఏటీఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్) కోర్సు చేయిస్తే హౌస్ సర్జన్లు క్యాజువాలిటీలో ప్రమాద బాధితులను సొంతంగా చూడగలరా అని మీరు అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో కొన్నేళ్లుగా వారికి ఈ పని నేర్పుతున్న సర్జన్‌గా చెబుతున్నాను: కోర్సు తప్పక చేయించండి, కానీ అసలు శిక్షణ మీ క్యాజువాలిటీలోనే, మీ నర్సులతో, మీ దగ్గరున్న సామగ్రితోనే జరగాలి.

నిజానికి ఆ కోర్సు పుట్టిందే మనలాంటి ఆసుపత్రుల కోసం. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల సర్జన్ నడుపుతున్న చిన్న విమానం కూలిపోయి భార్య మరణించింది. గాయపడిన పిల్లలకు దగ్గరి ఊరి ఆసుపత్రిలో అందిన వైద్యం చూసి ఆయన పడిన ఆవేదన నుంచే 1978లో మొదటి తరగతి మొదలైంది.

వాయుమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఆపైన ఒళ్లంతా చూసి చలి తగలకుండా కప్పడం అనే క్రమాన్ని హౌస్ సర్జన్లందరూ అప్పజెప్పగలరు, అయితే ఎముక బయటికి వచ్చిన కాలు కళ్లెదుట ఉన్నప్పుడు చూపు అటే పోతుంది. అందుకే మేము ఒక హౌస్ సర్జన్‌నే స్ట్రెచర్ మీద పడుకోబెట్టి సాధన చేయిస్తాము. నాయకత్వం వహించేవారు కాళ్ల వైపు నిలబడి, చేయి పెట్టకుండా, పేరు పెట్టి పిలిచి పని చెప్పాలి, విన్నవారు ఆ మాటను తిరిగి పలికి, పూర్తయ్యాక అయిందని చెప్పాలి. మధ్యలో నేను బీపీ పడిపోయిందంటాను. అప్పుడు మళ్లీ వాయుమార్గం నుంచి మొదలుపెట్టాలి. నర్సులు లేకుండా ఈ సాధన చేయించడం దండగని నా అభిప్రాయం.

కటి ఎముక విరిగిందనిపిస్తే దుప్పటిని నడుముకు కాదు, తొడ ఎముకల పైభాగం పొడుచుకు వచ్చే చోట బిగించాలని చేతితో తడిమి చూపించండి, కొత్తవారు దాదాపు ఎప్పుడూ పైకే కడతారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి ఒత్తిడి పెరిగి రోగి కుప్పకూలుతుంటే ఎక్స్‌రే కోసం ఆగకూడదు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము 10 నిమిషాలలో ఎక్కించాలి, కానీ దెబ్బ తగిలిన 3 గంటలలోపే దాన్ని మొదలుపెట్టాలి గనుక, ప్రమాదం ఎన్నింటికి జరిగిందో 108 సిబ్బందిని అడగడం మొదటి ప్రశ్నలలో ఒకటి కావాలి. కవిటి, మందస వైపు నుంచి వచ్చేవారి విషయంలో ఆ గడువులో చాలా భాగం దారిలోనే గడిచిపోతుంది. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో కొబ్బరి చెట్టు మీంచి పడి వచ్చిన వ్యక్తికి వెన్నెముకతో పాటు మూత్రపిండాల సంగతీ గుర్తుండాలి, నొప్పి తగ్గాలని అలవాటుగా, మూత్రపిండాలను దెబ్బతీయగల డైక్లోఫెనాక్ సూది వేసేయకూడదు.

రెఫరల్‌కు విడిగా సమయం కేటాయించండి. మా దగ్గరి నుంచి విశాఖపట్నం 100 కిలోమీటర్లకు పైనే. మెదడుకు ఆపరేషన్ చేసేవారు మన దగ్గర లేనప్పుడు, స్కాన్ తీశాకే పంపుదామని కూర్చుంటే రోగికి నష్టమే. స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరు 8 లేదా అంతకంటే తక్కువ ఉంటే శ్వాసనాళంలో గొట్టం, ఛాతీలో గాలి చేరి ఉంటే ఛాతీ గొట్టం, అంబులెన్స్ ఎక్కించకముందే వేయాలి. అవతలి డాక్టరుకు ఫోన్‌లో దెబ్బ ఎలా తగిలింది, ఏయే గాయాలున్నాయి, నాడి, బీపీ, స్పృహ ఎలా ఉన్నాయి, ఇంతవరకు ఏం చేశాము అన్నది క్లుప్తంగా చెప్పడం కూడా నా ఎదుటే సాధన చేయిస్తాను. పంపిన రోగి ఎలా ఉన్నారో మరునాడు కనుక్కుని, రాత్రి డ్యూటీలో చూసిన హౌస్ సర్జన్‌కు, నర్సుకు ఇద్దరికీ చెప్పండి.