అంతర్జాతీయ సదస్సుకి ఆహ్వానం వచ్చింది, వెళ్ళొచ్చా? ఇలాంటి సదస్సుల వల్ల మా బడి పిల్లలకు ఏమైనా ఒరుగుతుందా?

టీచర్ గారూ, మీరు రెండు విషయాలు అడిగారు. బాలల హక్కులు, విద్య, సంస్కృతి, పత్రికా స్వేచ్ఛ మీద అమెరికాలో కొన్ని రోజులు, ఆ తర్వాత సెనెగల్‌లో కొన్ని రోజులు సదస్సు ఉందని మీకు మెయిల్ వచ్చింది. విమాన టికెట్లు, వీసా వాళ్ళే చూసుకుంటారట, సెనెగల్‌లో హోటల్ గదికి మాత్రం ముందుగా మీరు డబ్బు కట్టాలట. నమ్మొచ్చా అన్నది మొదటి ప్రశ్న. అసలు ఇలాంటి సదస్సుల వల్ల హైదరాబాద్‌లో ఒక సర్కారు బడి పిల్లలకు ఏమైనా ఒరుగుతుందా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. నమ్మొద్దు, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఈ రకం మెయిల్స్ ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నాయి. ఖర్చంతా మాది, హోటల్ ఒక్కటే మీది అంటారు. ఆ హోటల్ డబ్బు కోసమే మిగతా కథంతా. అమెరికా వీసా మన తరఫున ఎవరూ తెప్పించలేరు. దరఖాస్తు మనమే నింపాలి, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు ఇంటర్వ్యూకి మనమే వెళ్ళాలి. నిజమైన సదస్సుకు నిర్వహించే సంస్థ పేరు, సభ జరిగే భవనం, కార్యక్రమ వివరాలు బయట అందరికీ కనిపించేలా ఉంటాయి. ఆ సంస్థ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగితే నిజమేదో తేలిపోతుంది. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఇవాళే 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. దీని మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

పిల్లల చదువు మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో నేను చాలా కాలం ఉన్నాను. సదస్సులు జరిగినప్పుడు నా పని ఎక్కువగా వెనక వరుసలో కూర్చుని నోట్స్ రాయడం, సాయంత్రానికి ఆ చర్చల సారం తయారుచేసి తీర్మానం రాసే కమిటీకి అందించడం. అందుకే వేదిక కంటే తీర్మానం రాసే ఆ చిన్న గది గురించే నాకు ఎక్కువ తెలుసు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సదస్సు తనంతట తాను ఏ పిల్లవాణ్నీ బడికి పంపదు. అది ఒక కాగితాన్ని మిగులుస్తుంది. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని, ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగే మనుషులు ఉంటే పని జరుగుతుంది. లేకపోతే జరగదు.

మన దగ్గరి ఉదాహరణే చెబుతాను. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా రైతులతో పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2000 జూలైలో, యునెస్కో సాయంతో, కమ్యూనిటీ రేడియో మీద ఇక్కడ ఒక వర్క్‌షాప్ పెట్టింది. అప్పటికి మన దేశంలో రేడియో ప్రభుత్వానిదో, లైసెన్స్ కొనగలిగిన కంపెనీదో అయి ఉండాలి. పల్లెల్లో జనం తమ రేడియో తాము నడుపుకోవడానికి చట్టంలో దారే లేదు. రేడియో, టీవీ ప్రసారాలు సాగే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, కానీ ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది. 2000 వర్క్‌షాప్ నుంచి, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ అనే ఊరి పేరుతో, పస్తాపూర్ ఇనిషియేటివ్ అనే ప్రకటన వచ్చింది. ప్రభుత్వ రేడియో, ప్రైవేటు రేడియోతో పాటు లాభాపేక్ష లేని ప్రజల రేడియోకు కూడా చోటివ్వాలన్నది దాని సారాంశం.

ఆ మర్నాడే ఏమీ మారలేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఆ సొసైటీ స్టూడియో సిద్ధంగా ఉంది, లైసెన్స్ లేదు. అక్కడి దళిత మహిళలు ఊరుకోలేదు. పంటల గురించి, విత్తనాల గురించి, తమ పాటలు, తమ పండుగల గురించి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకెళ్ళి సంఘాల సమావేశాల్లో వినిపించేవాళ్ళు. 2006లో కేంద్రం విధానం మార్చి, స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో అనుమతి ఇవ్వడానికి ఒప్పుకుంది. 2008 అక్టోబర్ 15న ఆ మహిళల సంఘం రేడియో మొదలైంది. ప్రారంభించింది ఎవరో తెలుసా? 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. మైకు ముందు కూర్చున్నది అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ. మీడియా స్వేచ్ఛ అనగానే మనకు పెద్ద పత్రికల ఎడిటర్లే గుర్తొస్తారు. నాకు మాత్రం లైసెన్స్ రాకముందే క్యాసెట్లు మోసిన ఆ ఆడవాళ్ళు గుర్తొస్తారు. వర్క్‌షాప్ జరగకపోయినా వాళ్ళు పోరాడేవాళ్ళే. కానీ ఢిల్లీలో ఒక అధికారి ముందు పెట్టి, ఇది మేము ఒక్కళ్ళమే అడుగుతున్నది కాదు అని చెప్పడానికి చేతిలో ఒక ప్రకటన ఉండడం చిన్న విషయం కాదు.

మే 3న జరిపే ప్రపంచ పత్రికా స్వేచ్ఛ దినం కూడా ఒక సదస్సు నుంచి వచ్చిందే. 1991లో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో ఆఫ్రికా జర్నలిస్టులు స్వతంత్ర పత్రికల కోసం ఒక ప్రకటన చేశారు. రెండేళ్ళ తర్వాత ఐక్యరాజ్యసమితి అదే తేదీని అంతర్జాతీయ దినంగా ప్రకటించింది.

చదువు విషయానికి వస్తే దారి ఇంకా పొడుగు. 1990 మార్చిలో థాయిలాండ్‌లోని జోమ్‌టియన్‌లో 'అందరికీ విద్య' సదస్సు జరిగింది. అంతకు కొన్ని నెలల ముందే, 1989 నవంబర్ 20న, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 1992 డిసెంబర్ 11న మన దేశం అందులో చేరింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. నిజానికి ఆ కేసు ప్రైవేటు కాలేజీల ఫీజుల గొడవతో మొదలైంది. 2002లో చదువును ప్రాథమిక హక్కుగా చేర్చే రాజ్యాంగ సవరణ వచ్చింది, 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. జోమ్‌టియన్ నుంచి అక్కడికి ఇరవై ఏళ్ళు. ఇదంతా ఆ ఒక్క సదస్సు వల్లే అని నేను అనను. కానీ ఇంత దూరం వచ్చాక ఆ కాగితాలు ఎక్కడ తేలాయో మీరే చూడొచ్చు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం తెరిచి మొదటి పేరాలు చదవండి. బాలల హక్కుల ఒడంబడికలో భారత్ 1992 డిసెంబర్ 11న చేరిందన్న మాట తేదీతో సహా అక్కడ ఉంటుంది. ఎక్కడో న్యూయార్క్‌లో ఆమోదించిన పత్రం ఇవాళ మన నాంపల్లి కోర్టులో ఒక పాపకు రక్షణగా నిలబడుతోంది.

ఈ ఇరవై ఏళ్ళ ప్రయాణంలో హైదరాబాద్ పాత్ర తక్కువేమీ కాదు. రంగారెడ్డి జిల్లాలో 1990ల్లో ఎం.వి. ఫౌండేషన్ మొదలుపెట్టిన పని మీకు తెలిసే ఉంటుంది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారు, ఆమెతో పనిచేసినవాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లాడూ బాల కార్మికులే. పత్తి చేలో పనిచేసినా, ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకుని కూర్చున్నా తేడా లేదు. పనిలోంచి తెచ్చిన పిల్లలను క్యాంపుల్లో ఉంచి, చదువు అందుకునేలా చేసి, వయసుకు తగ్గ క్లాసులో చేర్చేవారు. 2004లో ఈ అనుభవం మీదే హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగింది. చదువుకునే హక్కులో బేరసారాలు ఉండవన్నదే దాని విషయం.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. 1996లో కర్ణాటకలోని కుందాపురలో వేర్వేరు ఖండాల నుంచి పనిచేసే పిల్లలే వచ్చి సమావేశం పెట్టుకున్నారు. మా పనిని గుర్తించండి, గౌరవంగా, భద్రంగా పనిచేసుకోనివ్వండి, మాకు తగ్గ చదువు ఇవ్వండి అన్నారు. రెండు పక్షాల పత్రాలూ చదివాను. ఎన్నో ఇళ్ళు తిరిగాక నేను రంగారెడ్డి వాదన వైపే ఉన్నాను. సగం రోజు పని అని మొదలైన ఇళ్ళల్లో చదువు మిగలడం నేను పెద్దగా చూడలేదు. కానీ కుందాపుర పిల్లల నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. తమ గురించి మాట్లాడే చోట వాళ్ళు ఉండాలన్నారు. ఒడంబడికలోని 12వ అధికరణం చెప్పేదీ అదే.

ఇక్కడే మీ పిల్లల ప్రస్తావన తేవాలి, ఎందుకంటే మీరు కొందరిని వెంట తీసుకెళ్ళాలని ఉంది అని రాశారు.

ఒకసారి నగరంలో ఒక పెద్ద సభలో బస్తీ నుంచి ఒక అమ్మాయిని వేదిక ఎక్కించారు. ఇటుక బట్టీలో పనిచేసి వచ్చిన పిల్ల. నువ్వు పడ్డ కష్టాలు చెప్పమ్మా అన్నారు. వందల మంది ముందు, ఫ్లాష్‌లు కొడుతుంటే ఆ పిల్ల తల వంచుకుని రెండు ముక్కలు చెప్పింది, తర్వాత గొంతు పూడుకుపోయింది. సభ అంతా చప్పట్లు కొట్టింది. మర్నాడు పేపర్లో ఫొటో, పేరు, ఊరు, అన్నీ. ఆ అమ్మాయి రెండు వారాలు బడికి రాలేదని తర్వాత వాళ్ళ టీచరే చెప్పారు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆ సభ పేరులోనే బాలల హక్కులు అని ఉంది.

ఇంకో సభలో, పాతబస్తీ నుంచి, మలక్‌పేట వైపు నుంచి వచ్చిన ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. వాళ్ళతో ఇద్దరు టీచర్లు నెల ముందు నుంచే కూర్చున్నారు. ఏ విషయం మాట్లాడాలో పిల్లలే ఎంచుకున్నారు. కొందరు తెలుగులో, కొందరు ఉర్దూలో చెప్పారు. ఎవరూ సొంత బాధలు చెప్పలేదు. సాయంత్రం బడి వదిలాక బస్సు లేకపోవడం వల్ల ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఎలా మానేస్తున్నారో చెప్పారు. బాత్‌రూమ్‌కు గడియ లేకపోతే ఏం జరుగుతుందో చెప్పారు. ఒక అబ్బాయి విదేశీ అతిథిని నిలదీశాడు, మీ దేశంలో పిల్లల మాట విన్నాక దాన్ని ఎవరు రాసుకుంటారు, ఎక్కడ పెడతారు అని. ఆయన చాలాసేపు ఆలోచించి సమాధానం చెప్పారు. నేను నోట్స్ రాసుకున్న సభల్లో అంత మంచి ప్రశ్న ఇంకొకటి గుర్తు లేదు.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో ఈ 12వ అధికరణం మీదే ఒక వివరణ విడుదల చేసింది. పిల్లలు ఇష్టపడి రావాలి, ఎందుకు వస్తున్నారో వాళ్ళకు తెలియాలి, భద్రత ఉండాలి, వాళ్ళు చెప్పినదాంతో ఏం చేశారో తిరిగి వాళ్ళకు చెప్పాలి అని అందులో ఉంది. ఆ చివరిది దాదాపు ఎవరూ చేయరు. మీరు పిల్లలను తీసుకెళ్ళేముందు నిర్వాహకులను ఇవే అడగండి. ఫొటోలు ఎవరు తీస్తారు, ఎక్కడ వాడతారు, పిల్లలకు తోడుగా ఎవరుంటారు, వాళ్ళ భాషలో మాట్లాడనిస్తారా. విసుగ్గా సమాధానం ఇస్తే పిల్లలను పంపకండి, మీరొక్కరే వెళ్ళండి.

మీరు వెళ్ళడం గురించి అయితే, తప్పకుండా వెళ్ళమంటాను. విదేశం వరకూ అక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో చైర్ ఉంది. ఉస్మానియాలో, ఉర్దూ యూనివర్సిటీలో విద్య మీద సెమినార్లు జరుగుతుంటాయి. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో, లామకాన్‌లో చిన్న సభలు నడుస్తూనే ఉంటాయి. సభకు ముందే ముసాయిదా తీర్మానం ఉందేమో అడిగి తెచ్చుకోండి, చాలాసార్లు ఉంటుంది, అడిగితే ఇస్తారు. ప్రారంభ సభ మిస్సయినా నష్టం లేదు. చివరి రోజు మధ్యాహ్నం, ముసాయిదా చదివేటప్పుడు మాత్రం అక్కడే ఉండండి. అప్పటికి సగం మంది రైలుకు టైమ్ అవుతోందని టెన్షన్‌తో వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళ మాటే కాగితంలోకి ఎక్కుతుంది. బాలికలకు నాణ్యమైన విద్య అందాలి లాంటి వాక్యం ఉంటే, చేయెత్తి, ఉన్నత పాఠశాల దాకా రవాణా సౌకర్యంతో సహా అని చేర్చమనండి. ఆ నాలుగు మాటలు ఉంటేనే రేపు మీరు జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసులో చూపించి అడగగలరు. మీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్‌లో తల్లిదండ్రులకు చదివి వినిపించగలరు.

మీ బడిలో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఏమిటో మీ ప్రశ్నలో రాయలేదు. అది బస్సా, టీచర్ పోస్టులా, సీజన్‌లో పనికి వలస పోయే కుటుంబాలా? కింద రాయండి, తీర్మానంలో పెట్టడానికి వీలుగా దాన్ని ఎలా రాయొచ్చో కలిసి చూద్దాం.