పాత సింకుని బోర్లించి చూశాకే బేరం ఆడండి

మల్లేశ్వరంలో పాత ఇల్లు బాగుచేయిస్తున్నామనీ, వంటింటికి ఎనామిల్ పోత ఇనుము సింకు, బాత్రూముకి పింగాణీ బేసిను గుజరీలో కనిపించాయనీ, కొనొచ్చా, ఎలా బిగించాలి అనీ అడిగారు. బేసినుకి పెద్దగా భయపడక్కర్లేదు. సింకు దగ్గరే కాస్త ఆగండి.

ముందు దాన్ని బోర్లించండి. పోత ఇనుమైతే వీపు గరుకుగా, మందంగా ఉంటుంది. రేకు మీద ఎనామిల్ వేసినదైతే వేలితో కొట్టగానే డబ్బాలా మోగుతుంది. అయస్కాంతం రెండిటికీ అతుక్కుంటుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. తర్వాత నీళ్లు పోయే కంత చుట్టూ గోటితో గీకండి. పెచ్చు లేచి కింద తుప్పు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. ఎనామిల్ అంటే ఇనుము మీద కరిగించి అతికించిన గాజు. అడుగున తుప్పు ఉబ్బేకొద్దీ పక్కనున్న గాజు కూడా లేస్తూ పోతుంది. "కొత్తగా ఎనామిల్ వేసిస్తాం" అనేవాళ్లు మామూలుగా పూసేది రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ పెయింటు. చేతులు కడుక్కునే బేసిను మీద కొన్నాళ్లు ఆగుతుందేమో గానీ, వేడి కుక్కరు దించే సింకులో ఆగదు.

పింగాణీని వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే పగులున్నట్టే. తడిపి, గుడ్డతో తుడిచి చూడండి: అంతా ఆరిపోయినా పగులు దగ్గర సన్నటి తడిగీత మిగులుతుంది. పైపైన సాలెగూడులాంటి గీతలుంటే గ్లేజు (పైనున్న గాజు పూత) మాత్రమే చిట్లింది, బాత్రూములో నడుస్తుంది. వంటింట్లో అయితే ఆ గీతల్లోకి పసుపు దిగి ఇక వదలదు.

ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది బరువు దగ్గర. 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 8 లోతున్న తొట్టి అంచుదాకా నిండితే నీళ్లే 56 కిలోలు. సింకు బరువు ఇంకో 40 అనుకున్నా క్వింటాలుకి దగ్గర. పాత సున్నం గోడలో యాంకర్ బోల్టు వదులైపోతుంది, కొత్తగా కట్టిన హాలో బ్లాక్ (లోపల డొల్లగా ఉండే ఇటుక) గోడలో అసలు పట్టే ఉండదు. కాబట్టి గోడకి వేలాడదీయకండి. రెండువైపులా ఇటుక కాళ్లు కట్టించి, పైన కడప బండ వేసి, కంతకి సరిపడా చోటు కోయించి దానిమీద కూర్చోబెట్టండి. మేస్త్రీ సిమెంటుతో పాతేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. రేపు తీయాలంటే పగలగొట్టడమే దారి. సన్నటి సిలికాన్ పట్టీ చాలు. తొట్టి లోతెక్కువ కాబట్టి అంచు నేలనుంచి 36 అంగుళాలు ఉంటే నడుం వంగదు.

ఇక వేస్ట్ కప్లింగ్, అంటే నీళ్లు పోయే కంతలో బిగించి కింది పైపుకి కలిపే మర గొట్టం. బేసినుకి 32 ఎంఎం, సింకుకి 40 ఎంఎం అడుగుతారు, కానీ పాతదాని కంత కొలవకుండా కొనకండి. అడుగు మందమైతే పొట్టి కప్లింగ్ మర కిందికి అందదు, నట్టు పట్టదు. బేసినులో పైన ఓవర్‌ఫ్లో కంత (నిండితే నీళ్లు పొర్లకుండా లాగేది) ఉంటే హాఫ్ త్రెడ్ (పైసగంలో పక్క గాట్లు, మర కింది సగానికే), లేకపోతే ఫుల్ త్రెడ్ (గాట్లు లేకుండా పొడుగునా మర). ఇది తారుమారైతే ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా తిప్పలే: ఓవర్‌ఫ్లో లేనిదానికి హాఫ్ త్రెడ్ పెడితే పక్క గాట్లలోంచి నీళ్లు కప్లింగ్ చుట్టూ దిగి కింద కారతాయి. ఓవర్‌ఫ్లో ఉన్నదానికి ఫుల్ త్రెడ్ పెడితే పైనుంచి దిగిన నీటికి దారే ఉండదు. వాసన పైకి రాకుండా కాస్త నీళ్లు నిలిపే ట్రాపుల్లో, బేసిను కింద సీసాలాంటి బాటిల్ ట్రాప్ చాలు. వంటింట్లో మెతుకులకి అది తరచూ మూసుకుపోతుంది, వంపు గొట్టమైన పీ-ట్రాప్ వేయించండి. పైపులు కలిపాక తొట్టి అంచుదాకా నింపి, కింద పొడి కాగితం పరిచి, ఒక్కసారిగా వదలండి. కాగితం మీద చుక్క ఎక్కడ పడిందో చూస్తే ఏ జాయింటు కారుతోందో తెలుస్తుంది.

బోరు నీళ్ల తెల్లమచ్చలకి యాసిడ్, టాయిలెట్ క్లీనర్ ఎనామిల్ దరిదాపులకి రానీయకండి; మెరుపు పోతే మళ్లీ రాదు. పులుసు గిన్నె రాత్రంతా అందులో నానినా పాత ఎనామిల్ మసకబారుతుంది. తినే సోడా ముద్దతో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి, అంతే.

దాంతోపాటు పాత ఇత్తడి కుళాయి కూడా వస్తుంటే, కాడ దగ్గర కారుతోందని పారేయకండి, కాడ చుట్టూ ఉండే గ్లాండు నట్టు విప్పి, లోపలి ప్యాకింగ్ (నీళ్లు ఆపే చుట్ట) మారిస్తే సరిపోతుంది. కాకపోతే పాత ఇత్తడిలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, అందుకే దాన్ని గిన్నెలు కడగడానికే ఉంచి, తాగేనీళ్లకి పక్కన వేరే కుళాయి పెట్టించుకోండి.