లెదర్ సీట్ల సంగతి: మేనల్లుడికి ఒక ఉత్తరం

విజయవాడ

చి. వంశీకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బ్రోచర్ ఫొటోలు చూశాను. లెదర్ సీట్లున్న టాప్ వేరియంట్‌కి వెళ్ళాలా, క్లాత్ సీట్లున్న మధ్య వేరియంట్‌తో సరిపెట్టుకోవాలా అని అడిగావు. ఫోన్లో చెబితే సగంలో మీటింగుందంటావు, అందుకే రాస్తున్నాను. శ్రావణికి కూడా చదివి వినిపించు. ఆటోనగర్లో ఇన్నేళ్ళు కుషన్ వర్క్ చేసినవాణ్ణి గనక మావయ్య ఎలాగూ లెదరే వేయించుకోమంటాడని నువ్వు అనుకుని ఉంటావు. నీకైతే మధ్య వేరియంటే చాలంటాను. ఎందుకో చెబుతాను.

ఆ బ్రోచర్ మళ్ళీ ఒకసారి తీసి చూడు. అందులో లెదర్ అని లేదు, లెదరెట్ అని ఉంది. నువ్వు చూస్తున్న ధరలో షోరూమువాళ్ళు లెదర్ అని నోటితో చెప్పేది దాదాపు ఎప్పుడూ ఇదే. మేం ఆర్ట్ లెదర్ అంటాం, మా నాన్న కాలంలో రెగ్జిన్ అనేవాళ్ళు. గుడ్డ మీద పీవీసీయో పీయూయో (పాలియురేథేన్) అనే ప్లాస్టిక్‌ని పూతగా పోసి, పైన తోలు గీతల అచ్చు కొడతారు. అలాగని చిన్నచూపు చూడక్కర్లేదు. మెర్సిడెస్ వాళ్ళ ఆర్టికో అయినా, బీఎండబ్ల్యూ వాళ్ళ సెన్సాటెక్ అయినా కృత్రిమమే. మంచి సరుకైతే బాగానే మన్నుతుంది. నాకు కోపం వచ్చేదల్లా దాన్ని 'ఒరిజినల్ లెదర్ సార్' అని అమ్మేవాళ్ళ మీద.

ఏది ఏమిటో నువ్వే తేల్చుకోవచ్చు. ముందు సీటు వీపు అడుగున జిప్పో వెల్క్రోనో ఉంటే కాస్త తెరిచి లోపలి వైపు చూడు. అసలు తోలుకి వెనక నూగునూగుగా పీచు ఉంటుంది, ఆర్ట్ లెదర్‌కి అల్లిన గుడ్డ కనిపిస్తుంది. నీళ్ళ చుక్క వేసి చూడమని కొందరు చెబుతారు, అది పట్టించుకోకు. కారుకి వాడే తోలు మీద రంగూ, దాని మీద పాలియురేథేన్ పూతా ఉంటాయి, కాబట్టి రెండింటి మీదా చుక్క నిలబడుతుంది. అసలు తోలు ఇచ్చే ఖరీదైన కార్లలో కూడా చాలావాటిలో మన వీపూ తొడలూ తగిలేచోటే తోలు. పక్కలకీ వెనక్కీ మళ్ళీ రెగ్జినే. తోలు చదరపు అడుగు లెక్కన కొనాలి, ఒక కారుకి ఒకటి రెండు చర్మాలు చాలవు మరి.

తోలు మాటొచ్చింది గనక చెబుతున్నా, మన తెనాలి పక్కన యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు మద్రాసు అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకి డైరెక్టరుగా పనిచేశారు. ఆ సంస్థ 1948లో పెట్టింది. అంటరాని పనిగా చూసిన దాన్ని సైన్సుగా నిలబెట్టిన పెద్దమనిషి, 1985లో ఎయిరిండియా కనిష్క విమానం బాంబు పేలుడులో పోయారు. తోలు పనిని తక్కువగా మాట్లాడేవాళ్ళకి మా నాన్న ఆయన పేరే చెప్పేవాడు. నీ కారు సీటుకీ దీనికీ సంబంధం లేదులే, వయసు మీదపడ్డాక ఇలా పక్కదారి పడుతుంటాం.

మీ అమ్మ సంగతికొద్దాం. అక్క గుడికి బయల్దేరేటప్పుడు తోలు మీద కూర్చోదు, నీకు తెలుసు. ఆ సేల్స్ కుర్రాడు ఆవిడ ముందు ఒరిజినల్ లెదర్ అన్నాడంటే ఇక ఆ కారు ఎక్కదు. ఇది ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డే అక్కా అని ముందే చెప్పి ఉంచు. ఆవిడ మోకాళ్ళ లెక్కన చూస్తే మాత్రం నునుపు సీటే మేలు. క్లాత్ సీటు మీద నూలు చీర పట్టేసి లోపలికి జరగడం కష్టం. ఆర్ట్ లెదర్ మీదైతే కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు. కానీ పట్టుచీర కట్టుకుని ఘాట్ రోడ్డులో వెళ్ళినప్పుడు అదే సీటు మీద మలుపుమలుపుకీ అటూ ఇటూ జారుతూ, పైనున్న హ్యాండిల్ పట్టుకుని నిన్ను తిడుతుంది.

ఇక అసలు సమస్య ఎండ. నీకు ఆఫీసులో సెల్లారుంది, అపార్టుమెంట్లో మాత్రం ఓపెన్ పార్కింగు. మే నెల ఆదివారం మధ్యాహ్నం రెండింటికి తలుపు తీసి నిక్కరు మీద కూర్చున్నావంటే నల్ల ఆర్ట్ లెదర్ తొడని చురుక్కుమనిపిస్తుంది. ఏసీ చల్లబడ్డాక కూడా వీపుకీ సీటుకీ మధ్య గాలాడదు, చొక్కా తడిసి అతుక్కుంటుంది. క్లాత్‌కి ఆ బాధ తక్కువ. అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయిద్దామంటావేమో, 2012లో సుప్రీంకోర్టు వాటి మీద కొరడా ఝళిపించాక పోలీసులు ఊరుకోవడం లేదు. రూలు ప్రకారం ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాల్సిందే. కాబట్టి కారు ఆపి ఉంచినప్పుడు అద్దానికి తెర కట్టడం, నీడ వెతుక్కోవడం, అంతే.

ఈ ఎండకి వెంటిలేటెడ్ సీటు ఒక మందు. క్రెటా, సెల్టోస్, నెక్సాన్ పై వేరియంట్లలో ఇస్తున్నారు కదా, టెస్ట్ డ్రైవ్‌లో వేసి చూడు. అది ఏసీ సీటు కాదు. లోపలి చిన్న ఫ్యాన్లు క్యాబిన్‌లో ఉన్న గాలినే చిల్లుల గుండా ఆడిస్తాయి. క్యాబిన్ వేడిగా ఉన్నంతసేపూ ఆడేది వేడిగాలే. చల్లబడ్డాక మాత్రం వీపు తడవదు, అది నిజమైన సుఖం. అయితే మామూలుగా ముందు రెండు సీట్లకే ఉంటుంది, అక్కా పిల్లాడూ వెనకే కదా. ఇంకో మాట, వెంటిలేటెడ్ సీటు కొన్నవాడు దాని మీద ఇంకో కవరు తొడిగాడంటే ఆ డబ్బు గంగలో పోసినట్టే.

డబ్బు మాటకొస్తే, నువ్వు కట్టే తేడా సీట్లకే అనుకుంటున్నావు. కాదు. సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్, పెద్ద వీల్స్ అన్నీ కలిపి ఒక మూట కట్టి ఇస్తారు. సీట్లు ఒక్కటే విడిగా ఇవ్వమంటే ఇవ్వరు. మిగతావి నీకు అక్కర్లేకపోతే ఆ మూట మోయకు. షోరూం ధర తేడా కాదు, పన్నూ ఇన్సూరెన్సూ అన్నీ కలిపిన ఆన్ రోడ్ ధర తేడా రాయించుకో. మీ తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కారు ధరని బట్టి శ్లాబుల్లో ఉంటుంది. శ్లాబు దాటితే మొత్తం ధర మీద శాతమే పెరుగుతుంది.

బుడ్డోడు ఉన్నాడు కదా, క్లాత్ అయితే పాలు ఒలకబోస్తే ఎలా అంటుంది శ్రావణి. నిజమే. శ్రీశైలం ఘాట్‌లో పిల్లాడు కక్కుకుంటే ఆర్ట్ లెదర్‌ని తుడిచేసుకుని వెళ్ళిపోవచ్చు, క్లాత్ అయితే వారం రోజులు వాసన. చిల్లులున్న సీటు మాత్రం ఈ విషయంలో క్లాత్ కంటే అన్యాయం, పాలు చిల్లుల్లోంచి ఫోమ్‌లోకి దిగితే బయటికి తీయలేం. దీని కోసం కారంతా మార్చక్కర్లేదు, పిల్లాడి సీటు కింద ఒక మ్యాట్ పరిస్తే సరి. నీళ్ళు లోపలికి దిగితే ఆర్ట్ లెదర్ సీటు ఆరడం కూడా కష్టమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్ని కార్లొచ్చాయో! పైన తుడిస్తే తళతళలాడే సీట్లే, కుట్టు విప్పితే లోపల ఫోమ్ కంపు కొడుతూ, నొక్కితే నీళ్ళు కారుతూ ఉండేది.

క్లాత్ సీట్ల కారు కొని బయట కవర్లు వేయిస్తావనుకో, ఇక్కడ నా మాట జాగ్రత్తగా విను. డెలివరీ రోజు షోరూములో 'ఫ్రీ' అని తొడిగే కవర్లు వద్దు, ఆ డబ్బు డిస్కౌంటులో తగ్గించమను. ముందు సీట్ల వీపుకి తలుపు వైపు అంచున ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉందేమో చూడు. ఉంటే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఆ కుట్టు చీల్చుకునే బయటికి రావాలి. కవరుకి అక్కడ ఖాళీ అయినా వదలాలి, తేలిగ్గా తెగే దారంతో అయినా కుట్టాలి. మామూలు నైలాన్ దారంతో బిగించి కుట్టేసి 'ఏం కాదన్నా' అనే కుర్రాళ్ళున్నారు, వాళ్ళకి కారు ఇవ్వకు. ముందు సీటు కింద బెల్టు హెచ్చరిక వైర్లుంటాయి. 2019 జులై నుంచి డ్రైవరుకీ పక్క సీటుకీ ఆ హెచ్చరిక తప్పనిసరి. కవరు బిగించేటప్పుడు ఆ వైర్లు లాగారంటే లైటు వెలుగుతూనే ఉంటుంది. వెనక ఐసోఫిక్స్ కొక్కేలు కవరు కింద కప్పబడిపోకూడదు, బుడ్డోడి సీటు వాటికే తగిలించాలి. కంపెనీ బట్ట విప్పి ఆర్ట్ లెదర్‌తో మళ్ళీ కుట్టిస్తానంటే మాత్రం ఒప్పుకోకు. పైన తొడిగేదే చాలు.

సరుకు ఎన్నాళ్ళుంటుందో చూడాలంటే కొత్త కారు చూసి లాభం లేదు. సెకండ్ హ్యాండ్ కార్ల యార్డుకెళ్ళి అదే కంపెనీది ఐదారేళ్ళు తిరిగిన లెదరెట్ కారు చూడు. డ్రైవరు సీటుకి కుడి పక్క ఉబ్బు మీద, ఎక్కి దిగేటప్పుడు రాసుకునే చోట, బొటనవేలితో నొక్కి లాగు. చిట్లడం మొదలయ్యేది అక్కడే. పొలుసులుగా ఊడుతుంటే అది మామూలు పీయూ, చెమటా తేమా దాన్ని తినేస్తాయి. ఊడకుండా గట్టిపడి పగిలిందంటే పీవీసీ, ఎండకి లోపలి మెత్తదనం పోయిందని అర్థం. క్రీమ్ రంగు మోజుంటే కొత్త జీన్స్ నీలం ఎలా అంటుకుందో కూడా అక్కడే తెలుస్తుంది. నన్నడిగితే బూడిద రంగు మేలు.

తుడవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క షాంపూ. శానిటైజర్, థిన్నర్, కొబ్బరినూనె, డ్యాష్‌బోర్డు పాలిష్ దగ్గరికి రానివ్వకు. ఆర్ట్ లెదర్‌కి లెదర్ కండిషనర్ అమ్మజూపితే నవ్వి ఊరుకో, అది లోపలికి ఇంకేది కాదు.

ఇదంతా చూసే నీకు మధ్య వేరియంట్ అంటున్నాను. ఒక ఎండాకాలం ఆ క్లాత్ సీట్ల మీదే తిరుగు. ఆ తర్వాత కూడా మనసు లాగితే కారు ఇక్కడికి తీసుకురా, మీ బావ దగ్గరుండి ఎయిర్‌బ్యాగ్ కుట్టు చూసుకుని వేయిస్తాడు. ఒకవేళ రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటల తరబడి నువ్వే డ్రైవ్ చేస్తూ, వెంటిలేటెడ్ సీటు టెస్ట్ డ్రైవ్‌లో నిజంగా హాయిగా అనిపిస్తే టాప్ తీసుకో, నేనేమీ అనను. టెస్ట్ డ్రైవ్ మాత్రం మిట్టమధ్యాహ్నం పెట్టుకో, అక్కని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళు. ఎక్కడం దిగడం ఆవిణ్ణే రెండుసార్లు చేసి చూడమను. రెండు వేరియంట్ల ఆన్ రోడ్ కాగితాలూ నాకు పంపు, అడ్వాన్సు కట్టకముందే.

నీ మావయ్య