గిటార్ కొనడం తర్వాత, ముందు తూము కట్టండి

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. నల్లగొండలో రామగిరి దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని పదకొండేళ్లుగా పిల్లలకు గిటార్ నేర్పిస్తున్నాను. పెళ్లి రిసెప్షన్లలో, వినాయక మండపాల దగ్గర ఆర్కెస్ట్రాతో, డిసెంబర్‌లో చర్చి కార్యక్రమాల్లో వాయిస్తాను. బాగున్న నెలలో 50 వేల దాకా వస్తాయి, కానీ ఏడాది చివరకు ఏమీ మిగలదు. గత మార్చిలో ఇల్లు గడవడానికి, పాప స్కూలు ఫీజుకు రెండు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చాను. ఇప్పుడు బ్యాంకులో 1,10,000 ఉన్నాయి. నా ఎలక్ట్రిక్ గిటార్ ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) అరిగిపోయాయి. కొత్త గిటార్, దాని ధ్వనిని రకరకాలుగా మార్చే ప్రాసెసర్ కలిపి 1,60,000 అవుతాయి. తక్కువైన డబ్బుకు స్నేహితుడు వేస్తున్న చిట్టీ ఎత్తాలా, ఇఎంఐ పెట్టుకోవాలా? ఒక ప్రైవేటు స్కూలు వారు 20 వేల జీతానికి మ్యూజిక్ టీచర్‌గా రమ్మంటున్నారు, వెళ్లాలా? నా భార్య జీతం 12 వేలు, పాపకు ఆరేళ్లు, ఇంటి ఖర్చు నెలకు 38 వేలు. ఏడాది లెక్కలు జతపరిచాను.

జవాబు: మీరు జతపరిచిన లెక్కల కాగితమే మీ ప్రశ్నలలో చాలావాటికి సమాధానం చెబుతోంది. జూన్ నుంచి జనవరి దాకా ఎనిమిది నెలలు సగటున 28 మంది, పరీక్షల కారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో 13 మంది, ఏప్రిల్, మే నెలల్లో సెలవుల వల్ల 35 మంది పిల్లలు వచ్చారు. నెలకు 1,200 ఫీజు చొప్పున ఏడాదికి 3,84,000 వచ్చాయి. కార్యక్రమాలు 44, ఒక్కోదానికి 3,500 చొప్పున 1,54,000. రెండూ కలిపి 5,38,000. ఇందులో గది అద్దె 72 వేలు, కరెంటు, తీగలు, చిన్నచిన్న మరమ్మతులకు 18 వేలు, ప్రయాణాలకు 22 వేలు పోగా మిగిలేది 4,26,000, అంటే నెలకు 35,500. మీరు మనసులో పెట్టుకున్న 50 వేలు మంచి నెల ఆదాయం మాత్రమే. ఆ అంకెను చూసి ఖర్చు పెట్టుకున్నందువల్లనే మార్చిలో అప్పు కోసం వెళ్లవలసి వచ్చింది.

అదే కాగితంలో మరొక విషయం కూడా ఉంది. ఖర్చులు తీసివేస్తే పాఠాల ద్వారా మీకు నెలకు 24,500, వేదికల ద్వారా 11,000 మిగులుతున్నాయి. మీరు ఉత్తరంలో ఎక్కువగా రాసింది వేదికల గురించే అయినా, ఇంటిని నడుపుతున్నది మాత్రం సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా ఆ చిన్న గదిలో మీరు నేర్పే పాఠాలు. అందువల్ల తీసుకునే ప్రతి నిర్ణయమూ ఆ పాఠాలకు మేలు చేస్తుందా, చేటు చేస్తుందా అని చూసుకున్న తర్వాతనే తీసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఆ 60 వేల అప్పును ఈ వారమే తీర్చివేయండి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మీరు నెలకు కడుతున్న 1,200 వడ్డీ సరిగ్గా ఒక విద్యార్థి ఫీజు. ఒక పిల్లవాడికి ఏడాది పొడవునా మీరు నేర్పిన పాఠం మొత్తం ఆ వడ్డీకే సరిపోతోంది. బ్యాంకులో అంతకంటే ఎంతో తక్కువ వడ్డీకి డబ్బు ఉంచుకుని 24 శాతానికి అప్పు మోయడంలో ధైర్యం ఉన్నట్లు అనిపించవచ్చు కానీ, అందులో నష్టం తప్ప మరేమీ లేదు.

అప్పు తీరాక మిగిలే 50 వేలను మీరు చెరువులో నీళ్లుగా భావించండి. మన ప్రాంతంలో వాన ఏడాదంతా కురవదు కనుకనే పెద్దలు చెరువులు తవ్వి, కట్ట పోసి, తూము పెట్టారు. వాన ఎంత కురిసినా పొలానికి వెళ్లేది తూము వదిలినంత నీరే. చెరువు నిండిన తర్వాత మిగిలింది అలుగు మీదుగా పోతుంది. మీ ఆదాయం కూడా వానలాంటిదే. శ్రావణం, మాఘం, వైశాఖాల్లో ముహూర్తాలు ఉంటాయి, ఆషాఢంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో ఉండవు. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా వినాయక నవరాత్రి మండపాలు ఉంటాయి, డిసెంబర్‌లో క్రిస్మస్ ఉంటుంది. ఇవన్నీ ముందే తెలిసిన సంగతులు కనుక ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. పాఠాల ఫీజులు, కార్యక్రమాల డబ్బు అన్నీ వచ్చి చేరడానికి ఒక ప్రత్యేక ఖాతా తెరవండి. గది అద్దె, తీగలు, ప్రయాణాల ఖర్చు ఆ ఖాతా నుంచే పోవాలి. ప్రతి నెలా ఒకటో తేదీన దాని నుంచి ఇంటి ఖాతాకు 30 వేలు మాత్రమే జీతంగా పంపించుకోండి. శ్రావణంలో లక్ష వచ్చినా 30 వేలే, మార్చిలో 15 వేలు వచ్చినా 30 వేలే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క కార్యక్రమం కూడా లేదనుకున్నా, 30 వేల జీతం, 7,500 గది ఖర్చు పోను ఫీజులు 15,600 మాత్రమే వస్తాయి కనుక రెండు నెలలకు లోటు సుమారు 44 వేలు. మీ దగ్గర మిగిలే 50 వేలు దానికి సరిపోతాయి. వచ్చే మార్చిలో ఎవరి గడపా ఎక్కవలసిన అవసరం రాదు.

ఫీజుల పద్ధతి కూడా మార్చాలి. నెలనెలా తీసుకునే ఫీజును మూడు నెలలకు ఒకసారి తీసుకోండి. అయితే ముందే తీసుకున్న ఫీజు ఇంకా నేర్పని పాఠానిది కనుక దాన్ని ఆదాయంగా లెక్కించి ఖర్చు పెట్టవద్దు. పరీక్షల సమయంలో పూర్తిగా మానేసే పిల్లల తల్లిదండ్రులతో జనవరిలోనే మాట్లాడి, నెలకు 500 కడితే ఆదివారం ఒక్క తరగతి ఉంటుందని, జూన్‌లో చోటు వారికే ఉంటుందని చెప్పండి. రెండు నెలలు చేయి వదిలిన పిల్లల వేలి కొసలు మెత్తబడి, తిరిగి వచ్చినప్పుడు తీగ నొక్కడానికే బాధపడతారని, చాలామంది అక్కడే ఆగిపోతారని నాకంటే మీకే బాగా తెలుసు. మానేసే పదిహేను మందిలో పది మంది ఒప్పుకున్నా రెండు నెలలకు 10 వేలు వస్తాయి, పాఠమూ తెగిపోదు. కార్యక్రమాలకు సగం డబ్బు ఒప్పుకున్న రోజే తీసుకోవడం, ప్రయాణ ఖర్చు విడిగా అడగడం కూడా అలవాటు చేసుకోండి. సూర్యాపేటలో వాయించినా, హైదరాబాద్‌లో వాయించినా అదే 3,500 తీసుకోవడం మీకు న్యాయం కాదు.

ఇక గిటార్ విషయం. వాయిద్యం మీకు విలాసం కాదు, రైతుకు నాగలి ఎంతో మీకు అది అంత. అరిగిన ఫ్రెట్ల మీద తీగ బజ్ అవుతుంటే వాయించేవాడి మనసు ఎంత చిన్నబోతుందో నేను ఊహించగలను. అయినా ఒక్క ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకోవాలి. కొత్త గిటార్ తీసుకుని వెళ్లినందుకు నిర్వాహకులు 3,500 బదులు 4,500 ఇస్తారా? మీ లెక్కల్లో అలాంటి సూచన ఏదీ కనబడలేదు. కాబట్టి ముందు పాత గిటార్‌కు హైదరాబాద్‌లో మంచి పనివాడి చేత ఫ్రెట్లు మార్పించి, తీగల ఎత్తు సరిచేయించండి. అది కొన్ని వేలతో అయ్యే పని. ఖర్చులు, జీతం పోగా ప్రత్యేక ఖాతాలో నెలకు సగటున 5,500, ఏడాదికి 66 వేలు మిగులుతాయి. ఇప్పటి 50 వేలతో కలిపి ఆ ఖాతా 1,20,000 దగ్గరకు చేరడానికి ఏడాదికి కొంచెం పైగా పడుతుంది. ఆ గీత దాటి అలుగు పోసిన డబ్బు మాత్రమే గిటార్‌ది. ముందు గిటార్, ఆ తర్వాత ప్రాసెసర్ కొనండి, రెండూ ఒకేసారి అవసరం లేదు.

చిట్టీని నేను తప్పుపట్టను, మన ఊళ్లలో ఎన్నో పెళ్లిళ్లు, ఎన్నో ఇళ్లు చిట్టీల మీదనే జరిగాయి. కానీ 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టర్ కాని చిట్టీలో నిర్వాహకుడు చేతులెత్తేస్తే డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టం. రిజిస్టరైన చిట్టీలో కూడా నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాకా ఉండవచ్చు, పాటలో (వేలంలో) వదులుకునేది దానికి అదనం. మీ విషయంలో అసలు ఇబ్బంది ఏమిటంటే, ఒకసారి ఎత్తుకున్న తర్వాత ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూడా వాయిదా కట్టవలసిందే. ఇఎంఐకి కూడా ఇదే వర్తిస్తుంది.

స్కూలు ఉద్యోగానికి వెళ్లేముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. బయట పాఠాలు చెప్పకూడదనే నిబంధన ఉందా, పీఎఫ్ కడతారా? మొదటి నిబంధన ఉంటే 24,500 వదులుకుని 20 వేలు తీసుకోవడం అవుతుంది కనుక ఆలోచించనవసరం లేదు. లేకపోతే పూర్తికాలం కాకుండా వారానికి మూడు రోజులు వస్తానని చెప్పి చూడండి. ముహూర్తాల నెలల్లో రాత్రి రెండింటికి ఇల్లు చేరి ఉదయం ఎనిమిదింటికి స్కూలులో, సాయంత్రం అయిదింటికి మీ గదిలో నిలబడితే కొన్నాళ్లకు మూడు పనులూ దెబ్బతింటాయి. మూడు రోజులకు 10 వేలు వచ్చినా, పగటి ఖాళీ సమయం నుంచి వచ్చే ఆ డబ్బు మీకు ఎక్కువ విలువైనది.

30 వేల జీతానికి మీ భార్య 12 వేలు కలిస్తే 42 వేలు, ఖర్చు పోను ఇంటి ఖాతాలో 4 వేలు మిగులుతాయి. దీనిలో 902 రూపాయలు అటల్ పెన్షన్ యోజనకు కట్టండి. 35 ఏళ్ల వయసులో చేరినవారికి 60 తర్వాత నెలకు 5,000 పెన్షన్ రావడానికి కట్టవలసింది అంతే. ఆదాయపు పన్ను కట్టవలసినవారు 2022 అక్టోబర్ నుంచి ఇందులో చేరడానికి వీలు లేదు. మీకు ప్రస్తుతం పన్ను పడదు కనుక బ్యాంకులో అడిగి వెంటనే చేరండి. పాతికేళ్ల తర్వాత 5,000తో ఇల్లు గడవదు కాబట్టి మరో 2,000 పీపీఎఫ్‌లో (ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు ఖాతాలో) వేయండి. ఇప్పటి 7.1 శాతం వడ్డీయే కొనసాగితే పాతికేళ్లకు సుమారు 16 లక్షలు అవుతాయి. పాపకు పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఉంచండి, ఏడాదికి 250 కట్టినా ఖాతా నిలుస్తుంది, స్కూలు జీతం వస్తే అందులో పెంచవచ్చు.

మీ నికర ఆదాయం 4 లక్షలు దాటింది కనుక ఆదాయపు పన్ను రిటర్న్ దాఖలు చేయాలి. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉన్నందువల్ల పన్ను పడదు. హోటళ్లు, ఈవెంట్ సంస్థలు పన్ను మినహాయించుకుని ఇచ్చి ఉంటే అది రిటర్న్ వేస్తేనే తిరిగి వస్తుంది. రేపు ఇంటి అప్పుకు వెళ్తే బ్యాంకు రెండు, మూడేళ్ల రిటర్నులు అడుగుతుంది, టర్మ్ బీమా (గడువులోగా మరణిస్తేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) సంస్థ కూడా ఆదాయానికి ఆధారం అడుగుతుంది.

బీమా గురించి మీరు అడగలేదు, కానీ మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నేను ఆలోచించింది దాని గురించే. అర్ధరాత్రి దాటాక విజయవాడ హైవే మీద ఏడాదికి నలభై నాలుగు సార్లు తిరిగి వచ్చే మనిషి మీరు. ఎడమచేతి వేలు ఒక్కటి విరిగినా మూడు నెలలు పాఠమూ లేదు, కార్యక్రమమూ లేదు. ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా ప్రమాద బీమా తప్పక తీసుకోండి. అయితే విరిగిన వేలికి అవి ఏమీ ఇవ్వవు. అందుకే మిగిలిన 1,100లో నుంచి టర్మ్ పాలసీతో పాటు, తాత్కాలికంగా పని చేయలేని వారాలకు కూడా డబ్బు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. ఆ నిబంధన పాలసీ పత్రంలో ఉందో లేదో మీరే చదివి చూడండి. ఆహార భద్రత కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల దాకా వైద్యం అందుతుంది, లేకపోతే ముగ్గురికీ కలిపి ఒక ఆరోగ్య పాలసీ కావాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాల మీద జీఎస్టీ లేదు. చేతులకు బీమా ఉన్నా, చెవులను మాత్రం మీరే కాపాడుకోవాలి. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండటమే హద్దని నిపుణులు చెబుతారు, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గిపోతుంది, 100 దగ్గర అది పావుగంటే. స్పీకర్ల పక్కన నిలబడే ప్రతి రాత్రీ సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి, ఏడాదికి ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోండి, ఆ ఖర్చును తీగల ఖర్చుతో పాటే ప్రత్యేక ఖాతాలో రాసుకోండి.