రోప్‌వేను ట్రాము అనవచ్చా?

కైలాసగిరి రోప్‌వేను ఒక ఆంగ్ల వ్యాసం ‘ఏరియల్ ట్రామ్‌వే’ అన్నది కనుక ‘గాలి ట్రాము’ అని అనువదించవచ్చా అని మీరు అడిగారు. దయచేసి అలా రాయకండి. తెలుగులో ట్రాము అంటే వీధిలో, ఇతర వాహనాల నడుమ, రోడ్డు మట్టానికి పరచిన పట్టాలపై నడిచే బండి. కలకత్తాలో 1873లో గుర్రాలు లాగినదీ, మద్రాసులో 1895 నుంచి 1953 దాకా విద్యుత్తుతో నడిచినదీ అదే. ఆంగ్లంలో ఆ మాట మొదట గనుల్లోని బండ్లకూ వాటి దారికీ వాడుకలో ఉండి, తరవాత వీధికెక్కింది. అమెరికాలో వీధి బండిని స్ట్రీట్‌కార్ అనడం వాడుక కాబట్టి, తీగపై వేలాడే పెట్టెను ‘ట్రామ్’ అన్నా అక్కడివారు తికమకపడరు, మన పాఠకుడు తప్పక పడతాడు. విశాఖవాసుల నోట ఉన్న ‘రోప్‌వే’నే ఉంచండి. అదే కొండపై తిరిగే టాయ్ ట్రైన్‌కు పట్టాలున్నా, అది వీధి బండి కాదు కనుక దానికీ ట్రాము అనే పేరు కుదరదు.